బల్ల కూడా కదిలింది

పోయిన వారం బుజ్జమ్మను కిటికీ దగ్గర వదిలి వచ్చాం. కెమెరాల షాపాయన పరీక్షకని ఇచ్చిన కొత్త కెమెరా మెడలో వేసుకుని, ఎదురుగా బల్ల మీద ఉన్న నాన్న చేతుల వంక చూస్తూ నిలబడి ఉంది. పాత కెమెరా అక్కడ షాపులో, ఆయన అద్దాల బీరువాలో కూర్చుంది. కొత్తది ఉంచుకుంటే సరే, వద్దనుకుంటే పాతది పాతదే, మర్నాడు సాయంత్రం నేనే వచ్చి కనుక్కుంటానని షాపాయన చెప్పి పంపాడు. ఆ సాయంత్రం ఇవాళే.

బుజ్జమ్మ అంటే చిన్నపిల్ల అనుకునేరు. తల సగం నెరిసిన మనిషి. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు వీధిలోకి వెళ్ళిపోయి, ఇంక వెనక్కి రాలేదు, అంతే. భర్త పోయాక నాన్న దగ్గరికి, తమ్ముడి సంసారంలోకి వచ్చి చేరింది. వచ్చిన కొత్తలో ఏ గదిలో కూర్చోవాలో కూడా తెలియక వంటగది గుమ్మం పట్టుకుని నిలబడేది. అప్పుడు తమ్ముడు వాడి పారేసిన కెమెరా ఒకటి చేతికి దొరికింది. పొద్దుపోక నాన్న చేతులు ఫొటో తీసింది. తమ్ముడు దాన్ని నెట్‌లో ఫొటోల అంగడికి ఎక్కించాడు. లోకంలో ఎవరికి ఏ బొమ్మ కావాలన్నా వెతుక్కుని కొనుక్కునే అంగడి అది. ముసలి చేతులు కావాలన్నవాళ్ళకి ముసలి చేతులు, ఖాళీ కుర్చీ కావాలన్నవాళ్ళకి ఖాళీ కుర్చీ. నాన్న చేతులు పట్టుకున్న గ్లాసు ఏదో ఆసుపత్రి గోడకెక్కింది. కర్ర మీద ఆన్చిన చేతులు మోకాళ్ళ నొప్పుల మందు డబ్బా మీదకెక్కాయి. నా చేతులు చూసినన్ని ఊళ్ళు నేను చూడలేదే అని నాన్న నవ్వేవాడు. అప్పటినుంచి బుజ్జమ్మ గుమ్మం పట్టుకోవడం మానేసింది. ముందు గదిలో కిటికీ పక్క చోటు ఆమెది అయిపోయింది.

ఇప్పుడు ఆ అంగడివాళ్ళు ఒక కొత్త కబురు పెట్టారు. పెద్ద పెద్ద బొమ్మలకని విడిగా ఒక అర కడుతున్నారట. గోడంత చేసి అతికించినా వెంట్రుక వెంట్రుక విడిగా కనపడే బొమ్మలే అందులో పెడతారట. ఆమె పాత కెమెరా బొమ్మలు అందుకు చాలవు. అది పెద్ద కన్నాల జల్లెడ లాంటిది, ఈ కొత్తది మైదా జల్లించే జల్లెడ. ఇదీ తేడా.

ఇక ఇవాళ్టి సంగతి.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని చేస్తాడు. సెలవు రోజు కదా అని పొద్దున్నే లేచి, నిన్న బుజ్జమ్మ తీసిన బొమ్మల్లో ఒకటి షాపుకి పట్టుకెళ్ళి, అక్కడ పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకుని వచ్చాడు. చాపలా చుట్టి చంకలో పెట్టుకుని వచ్చినవాడు, బల్ల మీద గ్లాసులూ పళ్ళేలూ పక్కకి జరిపి, నాలుగు మూలలా బరువులు పెట్టి పరిచాడు. నాన్న చేతులు రెండూ బల్లంత అయి పడుకున్నాయి. మధ్యలో టీ కప్పు, కింద చెక్క గీతలు.

ఒక్క అడుగు వెనక్కి వేసి చూస్తే ముచ్చటగానే ఉంది. దగ్గరికి వంగేసరికి బుజ్జమ్మ మొహం వాడిపోయింది. గోళ్ళ అంచులు ఉండవలసినట్టు లేవు. తడి చేత్తో తుడిచేసిన సిరాలా పక్కకి ఈడ్చుకుపోయి ఉన్నాయి.

ఇదొక్కటే కాదు, నిన్న తీసినవన్నీ ఇంతేనన్నాడు తమ్ముడు. రాత్రి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశానన్నాడు. అంగడిలో బొమ్మల్ని తనిఖీ చేసేవాళ్ళు ఇలాగే పెద్దవి చేసి చూస్తారనీ, చూసిన మరుక్షణం వెనక్కి కొట్టేస్తారనీ చెప్పాడు. లోపం కెమెరాదేమోనని బుజ్జమ్మ అంది. కాదు, షాపాయన దాంతోనే పక్క మేడ మీద ఆరేసిన బట్టల్ని ఫొటో తీసి చూపించాడు, బట్టలకి పెట్టిన క్లిప్పుల్లో స్ప్రింగు చుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు అన్నాడు. పోనీ కిటికీ వెలుతురు చాలలేదేమో అంది. నిన్న ఎండ ఇంట్లోకి వచ్చి కూర్చుందిగా అన్నాడు. ఆమె ఏం చెప్పినా వాడి దగ్గర దానికి జవాబు తయారుగా ఉంది. చివరికి ఆమె కాగితం మూల ముడత సరిచేస్తూ నిలబడింది.

తమ్ముడు గొంతు తగ్గించాడు. తగ్గించినా అది చిన్న ఇల్లు. వెనక గదిలో మరదలి కుట్టు మిషను ఆగితే, ఈ గదిలో ఆవలించినా ఆ గదిలో వినపడుతుంది. మిషను అప్పుడే ఆగింది.

"అక్కా, కోపం తెచ్చుకోకు. నాన్న చేతులు ఇంక పనికిరావు. వణుకు బాగా ఎక్కువైంది. పాత కెమెరాలో తెలిసేది కాదు, ఇందులో దాగదు. కొత్తది తీసుకుందాం, చేతులు మాత్రం వేరేవాళ్ళవి చూద్దాం. పై వాటాలో రిటైరైన మాస్టారున్నారుగా, ఆయన చేతులు రాయిలా ఉంటాయి."

బుజ్జమ్మకి ఒళ్ళు మండింది. నాన్న చేతులే నీకు చదువు చెప్పించాయిరా, మరిచిపోయావా అని కస్సుమంది. దానికీ ఫొటోకీ ఏమిటి సంబంధం అన్నాడు వాడు, తప్పు చేసినవాడిలా కాకుండా, లిఫ్టులో పాత తాడు మార్చాలని చెప్పేవాడిలా. వాడు చెడ్డవాడు కాడు. పాడైంది మార్చేస్తే పని నడుస్తుందని నమ్మేవాడు, అంతే. నాన్న వింటాడేమోనన్న ఆలోచన వాడికి రాలేదు.

నాన్న విన్నాడు. వరండాలో కుర్చీ కిర్రుమంది. కర్ర టకటకలాడుతూ లోపలికి వచ్చింది, వెనకాలే మనిషి వచ్చాడు.

వీధిలో ఆయన్ని గడియారాల తాత అంటారు. ఇప్పుడు గడియారాలు లేవు, తాత మిగిలాడు. ఒకప్పుడు ఆడవాళ్ళ చేతిగడియారాలు, గోరంత ఉండేవి, వాటిని విప్పి మళ్ళీ కూర్చిన మనిషి. కుడి చెయ్యి వణకడం మొదలయ్యాక కొట్టు మూసేశాడు. మూసేశాక కొన్నేళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దాచుకుని తిరిగాడు. మళ్ళీ వాటిని బయటికి తీసి వెలుతురులో పెట్టించింది బుజ్జమ్మ కెమెరాయే. ఫొటోల పని ఉన్న రోజున ఆయన గడ్డం గీసుకుని, గోళ్ళు శుభ్రం చేసుకుని, డ్యూటీకి వెళ్ళేవాడిలా వచ్చి బల్ల దగ్గర కూర్చుంటాడు. చేతులు తీస్తాను గాని గడ్డం ఎందుకు నాన్నా అని ఆమె అడిగితే, చేతులకి యజమానిని నేనే కదమ్మా అంటాడు.

ఆ చేతుల్ని ఫొటో తీయడం అందరి వల్లా అయ్యే పని కాదు. స్టాండు మీద కెమెరా పెట్టి తీస్తే అవి బల్ల మీద మరిచిపోయి వెళ్ళిన చేతితొడుగుల్లా ఉంటాయి. బుజ్జమ్మ స్టాండు వాడదు. కెమెరా చేత్తో పట్టుకుని, ఆయన చుట్టూ తిరుగుతూ, వంగుతూ, ఆయన ఊపిరితో పాటు ఊపిరి తీసుకుంటుంది. ఊపిరి వదిలేటప్పుడు ఆ వణుకు ఒక్క రెప్పపాటు ఆగుతుంది. ఒక వణుకు వెళ్ళి ఇంకొకటి వచ్చే లోపల చిన్న సందు. ఆ సందులో నొక్కుతుంది. ఆ సందు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు, ఆమెకి తెలుసు. అందుకే ఏ బొమ్మ చెడినా ఈసారి సందు తప్పిందిలే అనుకునేది. ఇంకో కారణం ఉండొచ్చని ఏనాడూ తోచలేదు.

నాన్న వచ్చి బల్ల మీది కాగితం చూశాడు. కొడుకుని ఏమీ అనలేదు. బనీను జేబులోంచి కంటికి పెట్టుకునే పాత భూతద్దం తీశాడు. అది కొట్టు మూసేసిన తరువాత కూడా ఆయన్ని వదల్లేదు. కంటికి బిగించుకోబోతే చెయ్యి అదురుతూ చెంపకీ నుదుటికీ కొట్టుకుంది. బుజ్జమ్మ సాయం చేసింది. ఆయన కాగితం మీదకి వంగి, గోళ్ళ దగ్గర మొదలుపెట్టి, కణుపులు, కప్పు చెవి, కప్పు అంచు, చెక్క గీతలు, ఇల్లు ఊడ్చే మనిషిలా ఒక మూలనుంచి ఇంకో మూలకి జరుగుతూ చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేటప్పటికి ఆయన మొహంలో ఏదో మారింది. అద్దం తీస్తే కంటి చుట్టూ గుండ్రటి గీత పడి ఉంది.

"నిజమేరా. నా చెయ్యే. ఎక్కువైంది," అన్నాడు.

తమ్ముడికి ఒక్కసారి జాలి వేసింది. నాన్న భుజం తట్టి, మీరేం బాధపడకండి, మీరు ఇన్నాళ్ళు చేశారుగా, ఇంక కూర్చుని చూడండి చాలు అన్నాడు. పై వాటా మాస్టారిని ఇప్పుడే అడిగి వస్తానని చెప్పులు తొడుక్కుని మెట్లెక్కాడు. ఊరంతా లిఫ్టులు బాగుచేసేవాడు మెట్లే ఎక్కుతాడని మామూలు రోజైతే బుజ్జమ్మ ఎకసెక్కమాడేది. 

వాడు వెళ్ళాక నాన్న కుర్చీలో కూర్చుని, కాగితం మళ్ళీ చుట్టేయమన్నాడు. చుట్టేసి బీరువా వెనక పెట్టమన్నాడు. ఆ తొందర బుజ్జమ్మకి నచ్చలేదు. ఈయన తన చెయ్యి గురించి ఎవరేమన్నా ఒక హాస్యం ఆడకుండా ఒప్పుకున్న మనిషి కాదు. డాక్టరు చెబితేనే, మీ సంతకం కంటే నా సంతకమే నయం అన్నాడు. అలాంటిది కొడుకు నోట పనికిరావని విని, ఔనని తల ఊపాడా?

"నాన్నా, అద్దంలో ఏం చూశావు?"

"చూడడానికేముంది. చెయ్యి చూశాను."

"చెయ్యి గోళ్ళ దగ్గరే ఉందిగా. చెక్క ఎందుకు చూశావు మరి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురింటి గేటుకి ఎవరో రంగు వేస్తున్నారు, అదేదో అవసరమైన పని అయినట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బుజ్జమ్మ బల్ల మీదున్న భూతద్దం తీసుకుంది. వద్దమ్మా అన్నాడు. అప్పటికే ఆమె కంటికి పెట్టుకుంది.

గోళ్ళ అంచులు పక్కకి ఈడ్చుకుపోయి ఉన్నాయి, అది తెలిసిందే. కప్పు చెవి చూసింది. అదీ పక్కకి ఈడ్చుకుపోయింది. కప్పు మీద పువ్వు రేకలకి పక్కన ఇంకో నీడ రేకలున్నాయి. చెక్క మీది గీతలు, ఎప్పుడో కత్తి జారి పడిన గంటు, బల్ల అంచున ఊడిన మేకు తల, ఏది చూసినా అంతే. అన్నీ ఒకే వైపుకి, అంతే మేర, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని జరిగినట్టు జరిగాయి. ఆమె మళ్ళీ మొదటినుంచి చూసింది. ఏదో ఒక్కటైనా నిలకడగా ఉందేమోనని వెతికింది. లేదు.

నాన్న చెయ్యి వణికితే నాన్న చెయ్యి చెరగాలి. కప్పు ఎందుకు చెరుగుతుంది?

"బల్ల కూడా కదిలింది, నాన్నా," అంది. తన గొంతు తనకే పక్కింట్లోంచి వచ్చినట్టు వినపడింది.

"ఊ."

"బల్లకి వణుకు లేదుగా."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. దాచి ప్రయోజనం లేదని ఆయనకి తెలిసిపోయింది. కుర్చీ ఆమె వైపుకి జరుపుకున్నాడు.

తన చెయ్యి మొదట మొండికేసిన రోజుల గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడు తనంతట తనే చెప్పాడు. ముందు పట్టకారు మీద అనుమానం వచ్చిందట. చీలలు జారి కింద పడుతుంటే, దీని మొన అరిగిందని కొత్త పట్టకారు కొన్నాడు. తరువాత దీపం మీద అనుమానం, ఇంకో దీపం పెట్టించాడు. బల్ల ఊగుతోందన్నాడు, కాళ్ళకింద చెక్కలు కొట్టించాడు. వడ్రంగిని తిట్టాడు. చివరికి దూరదేశపు పనిముట్ల పెట్టె, ఎప్పటినుంచో ఆశపడుతున్నది, తెప్పించాడు. అది చేతికి వచ్చిన రోజున పంట పండినంత సంతోషపడ్డాడు. దాని మొనలు ఎంత సన్నం అంటే, మోటు పట్టకారుతో తెలియని వణుకు, వాటి చివర ఈగ రెక్కలా కనపడింది.

"కొట్లో ఉన్నవన్నీ మార్చాను, బుజ్జీ. చెయ్యి మాత్రం మార్చుకోలేను కదా, అందుకని దాని వంక చూడలేదు."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. బుజ్జమ్మ భూతద్దం బల్ల మీద పెట్టేసింది. నిన్న పొద్దున తనూ అంతే కదా. కెమెరా బరువు ఎక్కువ అనుకుంది, పట్టీ సరిగ్గా లేదనుకుంది, కిటికీ అద్దం తుడిచింది. నాన్నని తిన్నగా కూర్చోమని విసుక్కుంది కూడా. ఆయన చిన్నపిల్లాడిలా సర్దుకుని కూర్చున్నాడు.

చెయ్యి చాపమన్నాడు నాన్న. ఆమె చాపింది. కిటికీ వెలుతురులో చూస్తే ఏమీ తెలియలేదు. ఎప్పుడూ ఉండే చెయ్యే, వంటింట్లో కాలిన మచ్చలు రెండు, ఉంగరం తీసేసిన మచ్చ. ప్రాణం లేచి వచ్చింది. ఏమీ లేదు చూడు అనబోయింది. ఆయన పాత పత్రికలోంచి ఒక పేజీ చింపి ఆ చేతి మీద పరవబోయాడు. ఆయన చేతిలోనే ఆ పేజీ గాలికి ఆకులా గలగలలాడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ పరిస్థితిలో కూడా. నువ్వే పెట్టుకో అన్నాడు. ఆమె ఎడమ చేత్తో పేజీ తీసి కుడి చేతి మీద పరుచుకుంది.

కాగితం అంచు అదిరింది. నాన్న చేతిలోలా గలగలమని కాదు. చెవి పెడితే తప్ప వినపడనంత చిన్నగా. అయినా అదిరింది. ఊపిరి బిగబట్టింది. అదిరింది. ఊపిరి వదిలింది. ఒక్క రెప్పపాటు ఆగి, మళ్ళీ అదిరింది.

ఆ సందు ఆమెకి బాగా తెలిసిన సందే.

నాన్న, ముందు డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. నాదే నీకు వచ్చిందని లేదు, నిద్ర లేక కావచ్చు, బలం లేక కావచ్చు, చూపించుకుంటే గాని తెలియదన్నాడు. ఈ లోపల స్టాండు పెట్టుకుని తియ్యమన్నాడు. స్టాండు మీద పెడితే ఫొటో తీసేది స్టాండు, నేను కాదు నాన్నా అంది బుజ్జమ్మ. చెయ్యి ఆన్చుకునే చెక్క పెట్టుకోమని నా కొట్లో కుర్రవాళ్ళు చెబితే నేనూ ఇదే అన్నాను అని ఆయన ఒప్పుకున్నాడు.

కాగితం మడిచి పక్కన పెట్టాక ఆమె మనసులో మొదట మెదిలింది డాక్టరు కాదు, పాత కెమెరా. అది తన చెయ్యి ఎరిగిన కెమెరా. ఇన్నాళ్ళూ ఎంత అదిరిందో, ఎన్నిసార్లు అదిరిందో, ఎవరికీ చాడీలు చెప్పకుండా కడుపులో పెట్టుకుంది. అరచేతంత బొమ్మలు, పుస్తకంలో మూలకి వేసుకునే బొమ్మలు, వాటికి అది చాలు. పెద్ద అర లేకపోతే పోయింది. నాన్న బల్ల దగ్గరే కూర్చుంటాడు, తను కిటికీ దగ్గరే నిలబడుతుంది. ఈ కొత్తది ఇంట్లో ఉంటే మాత్రం, నాన్న చేతులు పెట్టినా, మాస్టారి చేతులు పెట్టినా, రాయి తెచ్చి పెట్టినా, అది రోజూ తన చేతినే ఫొటో తీస్తుంది. తమ్ముడికి అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది? వాడి కళ్ళలో జాలి ఆమె ఊహించుకోగలదు. నాన్న భుజం తట్టినట్టే తన భుజం కూడా తడతాడు. ఇంక కూర్చుని చూడు అక్కా, చాలు అంటాడు. మళ్ళీ వంటగది గుమ్మం.

"వాడికి చెప్పకు నాన్నా. ఇది వెనక్కి ఇచ్చేస్తాను. పాతది తెచ్చుకుంటాను. అందులో కనపడదు."

"కనపడదు," అన్నాడు నాన్న. భూతద్దం జేబులో వేసుకుంటూ, "వాడు నా చెయ్యే అనుకోనీలే. నాకు అలవాటే," అన్నాడు.

అది విని ఆమెకి ఏడుపు రావలసింది. రాలేదు. సిగ్గు వచ్చింది. కూతురి కోసం ఆయన ఉన్న ఒక్క ఉద్యోగమూ వదులుకోవడానికి సిద్ధపడుతుంటే, వద్దు అనవలసిన తను ఊరుకుంది. ఊరుకున్నానని తనకి తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు హుషారుగా ఉన్నాడు. మాస్టారు ఒప్పుకున్నారట, చేతులకి కొబ్బరినూనె రాసుకుని రావాలా అని అడిగారట. ఎవరూ నవ్వలేదు. మరదలు అందరికీ వడ్డించి, తను తినకుండానే వెనక గదికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆమె పొద్దుట దారపు బంతులకని బజారుకి వెళ్ళి వచ్చినప్పటినుంచి అదోలా ఉంది. అడిగితే తలనొప్పి అంది. బుజ్జమ్మకి తన గొడవే తనకి చాలింది, ఇంకొకరి తలనొప్పి ఆరా తీసే ఓపిక లేకపోయింది.

ఎండ కిటికీ దిగి గోడెక్కే వేళకి షాపాయన వచ్చాడు. పొట్టి మనిషి, మాట మెత్తన. మెట్లెక్కి ఆయాసపడుతూ, మీ ఇంట్లో లిఫ్టు మెకానిక్కు ఉండి ఏం లాభమండీ అన్నాడు. తమ్ముడు నవ్వి కుర్చీ వేశాడు. నాన్న తన కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బుజ్జమ్మ కొత్త కెమెరాని మెత్తటి గుడ్డతో తుడిచి, మూత పెట్టి, పట్టీ చుట్టి ముందే సిద్ధంగా ఉంచింది. ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుడి చేతి మీద ఎడమ చెయ్యి వేసుకుని కూర్చుంది.

షాపాయన ఎలా ఉందమ్మా అని అడిగాడు. చాలా మంచి కెమెరా అని చెప్పింది, అది నిజమే. నా పనికి ఎక్కువ అంది. మేము చిన్న బొమ్మలు తీసుకునేవాళ్ళం, మాకు పాతది చాలు, దాన్ని ఇచ్చేయండి అంది. పొద్దుటినుంచి మనసులో అనుకుని అనుకుని అరగదీసిన మాటలు కాబట్టి తడబడకుండా వచ్చాయి.

షాపాయన తమ్ముడి మొహం చూశాడు. తమ్ముడు గోడ మొహం చూశాడు.

"అదేంటమ్మా. పొద్దున మీ తమ్ముడుగారు వచ్చినప్పుడు ఖాయం అన్నారు కదా. అక్క మొహమాటపడుతోంది గాని ఉంచుకుంటుంది, పాతది ఎవరైనా అడిగితే ఇచ్చేయండి అన్నారు. ఇచ్చేశాను."

బుజ్జమ్మ తమ్ముడి వైపు తిరిగింది. తమ్ముడు అప్పటికే సంజాయిషీ మొదలుపెట్టాడు. నీ మంచికే అక్కా, నీకు వదిలేస్తే నువ్వు ఏడాదైనా తేల్చుకోవు, పాతది దగ్గర ఉన్నంతకాలం నీకు దాని మీదే ప్రాణం, అందుకని అన్నాడు. నా కెమెరా నన్ను అడక్కుండా అమ్మేశావా అని ఆమె అడగలేదు. ఆమెకి అప్పుడు కోపం కూడా రాలేదు. ఎక్కడుందో తెలిస్తే చాలు, వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా తెచ్చుకోవచ్చు అనుకుంది.

"ఎవరు కొన్నారండీ?"

షాపాయన ఈసారి నిజంగా ఇబ్బందిపడ్డాడు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మీకు తెలియదా అన్నాడు. తమ్ముడి వైపు తిరిగి, మీకూ తెలియదా సార్ అన్నాడు. మీరు వెళ్ళిన కాసేపటికే వచ్చారండీ, అద్దంలో ఉన్న దాన్ని చూపించి ఇదే కావాలన్నారు, మీ ఇంటికే కదా అని నేను బేరం కూడా ఆడలేదు, మీ ఆవిడగారే అన్నాడు.

వెనక గదిలో మిషను ఆగింది.

మరదలు దారపు బంతుల సంచి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా బల్ల దగ్గరికి వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి, పాత కెమెరా తీసి బల్ల మీద పెట్టింది. దాని మూలకి ఎర్ర దారం ఒకటి చుట్టుకుని ఉంటే, కుట్టు పని మనిషి కదా, ముందు ఆ దారం తీసేసింది. మొగుడు ఇదంతా ఏమిటని అడుగుతున్నా పట్టించుకోలేదు.

"దీన్ని బయటివాళ్ళ చేతికి పోనివ్వకూడదని కొన్నాను, వదినా. నాకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదానివి. ఇప్పుడు దారం ఎక్కక, నోట్లో పెట్టుకుని అటు తిరుగుతున్నావు. నేను చూడలేదనుకున్నావా? కొత్తది వస్తే నీ చెయ్యి సంగతి అందరికీ తెలిసిపోతుందని భయం వేసింది."

గొంతు చిన్నదే. మంచి కోసమే అంది, అందులో సందేహం లేదు. నాన్న మాత్రం ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి గాలిలో వణుకుతూ ఉండిపోయింది.

తమ్ముడు అలవాటుకొద్దీ ఆ చేతి వంకే చూశాడు. తరువాత భార్య వంక చూశాడు. వాడి నుదుటి మీద ముడత పడింది, ఎక్కడో కేబులు తెగిందని తెలిసి, ఎక్కడో తెలియనప్పుడు పడే ముడత.

"అక్క చెయ్యేమిటి? వణికేది నాన్న చెయ్యి కదా."

 షాపాయనకి ఇది తన కూర్చోవలసిన చోటు కాదని అర్థమైంది. లేచి నిలబడ్డాడు. పోనీలెండి సార్, పాతది ఇంట్లోనే ఉందిగా, గొడవేముంది, కొత్తది నేను తీసుకెళ్ళిపోతాను అన్నాడు. ఇలా ఇచ్చేయండమ్మా అంటూ, బల్లకి అవతలినుంచి రెండు చేతులూ చాచాడు.

కొత్త కెమెరా బుజ్జమ్మ ఒళ్ళో ఉంది. బరువైన కెమెరా. ఎడమ చేత్తో ఎత్తే బరువు కాదు. అందరూ ఆమె వంకే చూస్తున్నారు, తమ్ముడు అందరికంటే ఎక్కువ. అది ఆయన చేతిలో పెట్టాలంటే, బల్ల మీదుగా, ఆ వెలుతురులోంచి, కుడి చెయ్యి చాచాలి.